ప్లీడరు గంప

ఏలూరులో నేను హైస్కూలు మేస్టరుగా చేరిన కొత్తలో, స్కూలు ఫైనలు పాసైన పిల్లలు తర్వాత ఏం చదవాలో అడగడానికి మా ఇంటికి వస్తుండేవారు. నాకేదో గొప్ప అనుభవం ఉందని కాదు. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. నేను బి.ఏ. పూర్తిచేసి లా కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్న ఏడాదే ఆయన పోయారు. ఇల్లు గడవాలి కనుక లా సంగతి వదిలేసి, బి.టి. చదివి మేస్టర్నయ్యాను. దరఖాస్తు ఎక్కడికి పంపాలి, ఏ సర్టిఫికెట్లు జతచేయాలి, ఏ గ్రూపు తీసుకుంటే ముందు ముందు లాకి పనికొస్తుంది అన్నవన్నీ నాకు తెలుసు. అలా, లా చదవని నేను లా ఎలా చదవాలో చెప్పే మనిషిగా పేరుపడ్డాను.

ఎక్కువగా వచ్చేది రైతుల పిల్లలు. ఉండి వైపు నుంచి, భీమవరం వైపు నుంచి తండ్రుల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. "ఇంట్లో ఓ ప్లీడరుంటే బావుంటుందండీ" అనేవారు ఆ తండ్రులు, దొడ్లో ఓ పాడిగేదె ఉంటే బావుంటుందన్నంత మామూలుగా. పిల్లలు మాట్లాడేవారు కాదు. నేను చెప్పవలసింది చెప్పి పంపేసేవాణ్ణి. వాళ్లలో కొందరు ప్లీడర్లయ్యారు, కొందరు ఇంటరుతో ఆగిపోయి పొలం చూసుకున్నారు. వాళ్ల గురించి నాకు పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది కొల్లేరు నుంచి వచ్చిన ఒక్కడే.

వేసవి సెలవులు మొదలైన కొత్త. పొద్దున్నే తలుపు తీసేసరికి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు, వాళ్ల పక్కన నా క్లాసులో చదివిన కుర్రవాడు నిలబడి ఉన్నారు. వాడు లెక్కల్లో మొదటివాడు. మాట తక్కువ. కాలవ ఒడ్డున ఎవరెవరిళ్లలోనో వారాలు చేసుకుంటూ చదువుకున్నాడని మాత్రం నాకు తెలుసు. ముసలివాళ్లలో పొడుగ్గా ఉన్నాయన వాడి తాత, తల్లికి తండ్రి. వాళ్ల లంకకి, అంటే కొల్లేటి మధ్య దిబ్బ మీది ఊరికి, ఆయనే పెద్ద. రెండో ఆయన తాతకి బావమరిది. తాటాకు బుట్టలో తడిగుడ్డ కప్పి రెండు కొరమీనులు తెచ్చారు. అవి ఇంకా కదులుతున్నాయి.

"మేస్టరు గారండీ, మావాడు స్కూలు ఫైనలు పాసయ్యాడండి. ఈణ్ణి ప్లీడర్ని చెయ్యాలండి. కోటు ఎప్పుడు కుట్టించమంటారు?" అన్నాడు తాత.

నవ్వు వచ్చింది కాని ఆయన ముఖం చూసి నవ్వలేదు. "కోటు సంగతి తర్వాత చూద్దామండి. ముందు కూర్చోండి. మీకు కోర్టు పనేదైనా ఉంటే ఊళ్లో ప్లీడర్లు చాలామంది ఉన్నారు కదా?" అన్నాను.

"ఉన్నారండి. మాకూ ఒకాయన ఉన్నారండి. మంచాయనేనండి. ఆయన్నేమీ అనకూడదు. అర్థం కాకపోవడం మా లోటండి."

తర్వాత ఆయన చెప్పింది ఇది. ఎండాకాలం కొల్లేట్లో నీరు తగ్గి, అంచుల్లో నేల బయటపడుతుంది. మెరక ఊళ్ల రైతులు ఆ నేల చుట్టూ గట్టు వేసి వరి ఊడ్చుకుంటామన్నారు. గట్టు పడితే వానాకాలంలో చేప గుడ్లు పెట్టడానికి ఆ పల్లానికి రాలేదు. లంకవాళ్లకి వేట ఉండదు. ఆ రైతుల్నీ నేను పూర్తిగా తప్పుపట్టలేను. వాళ్లలోనూ చాలామందికి కుంచెడు గింజలే కావాలి. ఇరుపక్షాలూ మునసబు కోర్టుకెక్కాయి. దావా నడిచినన్నాళ్లూ తాత ప్రతి వాయిదాకీ వచ్చి, గోడకి ఆనుకుని నిలబడేవాడు. జడ్జీ గారూ ప్లీడర్లూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవారు. ఆఖరి రోజున జడ్జీ గారు ఏదో చదివారు. అందరూ లేచారు. ప్లీడరు గారు వేరే కేసుకి పరుగెత్తుతూ, "ఏం ఫరవాలేదు. అప్పీలుకి మంచి గ్రౌండ్సున్నాయి" అని భుజం తట్టి వెళ్లిపోయారు.

"గ్రౌండంటే మాకు తెలుసండి. మావాడు బంతాడుకునేది స్కూలు గ్రౌండులోనే గదండి. గ్రౌండంటే నేలే గదా! మంచి గ్రౌండు వచ్చిందన్నారనుకున్నానండి. ఆ సాయంత్రమే లంకలో ఇంటింటికీ బెల్లం పంచానండి."

బావమరిది తలదించుకున్నాడు. తాత మాత్రం దించలేదు.

"వారం తిరక్కుండా కోర్టు అమీనా వచ్చి గట్టు వేసే చోట కర్రలు పాతించాడండి. అప్పుడు తెలిసిందండి, పోయిందని. బెల్లం తిన్న పిల్లలు చుట్టూ నిలబడి చూస్తున్నారండి."

ఆ తర్వాత ప్లీడరు గారే జిల్లా కోర్టులో అప్పీలు వేసి, తీర్పు వచ్చేదాకా గట్టు పని ఆపించారు. కాని ఆ కర్రలు పాతిన రోజునే లంకవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారట. కోర్టులో అన్నమాట ఇంటికొచ్చి తెలుగులో చెప్పే మనిషి తమలోంచే ఒకడు ఉండాలి. స్కూలు ఫైనలు దాకా వచ్చినవాడు ఊరంతటికీ వీడొక్కడే.

ప్లీడరు కావాలంటే ఏమేం చదవాలో చెప్పాను. ఇంటరు రెండేళ్లు. బి.ఏ. రెండేళ్లు. ఆ తర్వాత వాల్తేరులోనో మద్రాసులోనో బి.ఎల్. ఇంకో రెండేళ్లు. తాత వినేసి, చాలాసేపు బుట్ట మీది గుడ్డ సర్దుతూ ఉండిపోయాడు.

"ఆరేళ్లు దావా ఆగుద్దా అండీ?"

నేను నోరు తెరిచేలోపు బావమరిది అందుకున్నాడు. "ఆగుద్ది లే బావా! మా మేనమామ వల కట్టుకునే చోటు తగాదా ఆయన పోయినా తేల్లేదు. కోర్టంటే ఆగడమే గదా."

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

వాళ్లు కాలవ దగ్గరకి వెళ్లొస్తామని లేచినప్పుడు కుర్రవాణ్ణి ఒక్కణ్ణీ లోపలికి పిలిచాను. "నీకు లెక్కలు ఇంత బాగా వచ్చు. ఇంటర్లో లెక్కల గ్రూపు తీసుకుంటే కాకినాడలో ఇంజనీరింగు చదవొచ్చు. హెడ్మాస్టరు గారూ అదే అన్నారు. నీకేం ఇష్టమో నువ్వు చెప్పు. తాతగారికి నేను నచ్చజెబుతాను" అన్నాను.

వాడు ఆలోచించి, "ఇంజనీరొస్తే గట్టు కడతాడండి. మావాళ్లకి గట్టు ఆపేవాడు కావాలండి" అన్నాడు.

"నిన్ను అడుగుతున్నాను, మీవాళ్లని కాదు."

"నన్నే గదండి ఎన్నుకున్నారు" అన్నాడు.

ఆ మాటలో గర్వం ఉందో దిగులు ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. వాడికి హిస్టరీ, ఎకనామిక్స్, లాజిక్కు ఉన్న గ్రూపు రాసి దరఖాస్తు నింపాం. తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాసేయమని కాలేజీ గుమాస్తా సలహా ఇచ్చాడు, బావుంటుందని. వాడు ఒప్పుకోలేదు. 'చేపల వేట' అని తెలుగులో రాసి, దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో నన్ను అడిగాడు.

ఫీజులకి లంకవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వారానికొకసారి ఒక్కో దోనె వంతున, వేటలో పడ్డ మంచి చేపలు ఒక గంపలో వేరే పెట్టేవారు. ఆ గంప ఏలూరు మార్కెట్టుకి వచ్చేది. దాని డబ్బు వాడి చదువుకి. దానికి 'ప్లీడరు గంప' అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో తినడానికి చిన్న జెల్లచేపలు కూడా లేని వారాల్లో సైతం ఆ గంప వచ్చేదని తర్వాత తెలిసింది. ఒకసారి నేను మార్కెట్టు దగ్గర నిలబడి ఉండగా, గంప దింపుతున్న ఆడమనిషి నన్ను చూసి, "మా ప్లీడరు గారు బాగా చదూతున్నారా అండీ?" అని అడిగింది. అప్పటికి వాడికి సరిగ్గా మీసమైనా రాలేదు.

వాడు బాగానే చదివాడు. ఇంటరు ఏలూరులోనే. వాడికి లాజిక్కు కొరుకుడు పడలేదు మొదట. సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవాడు. ఇంగ్లీషు వ్యాసాలు దిద్దేవాణ్ణి. ఒక్కోసారి వ్యాసం పక్కన పెట్టి, మా తమ్ముడి జామెట్రీ పుస్తకం తీసుకుని, ఏదో ఒక లెక్క చేసుకుంటూ కూర్చునేవాడు. అప్పుడు వాడి ముఖం వేరేగా ఉండేది. దాహం వేసినవాడు నీళ్లు తాగుతున్నట్టు ఉండేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. వాడూ కాసేపటికి ఆ పుస్తకం మూసి, వ్యాసం అందుకునేవాడు.

సెలవులకి ఒకసారి వాడితో లంకకి వెళ్లాను. గుండుగొలనులో బస్సు దిగి, డొంకన చాలాదూరం నడిచి, దోనె ఎక్కాం. వాడు గెడ వేస్తూ నీళ్లలో ఏ పక్క ఎంత లోతో చెబుతున్నాడు. అమీనా పాతించిన కర్రలు దూరం నుంచి చూపించాడు. వాటి మీద కొంగలు వాలి ఉన్నాయి. ఆ రాత్రి అక్కడే భోజనం. ఊరు ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది. వాడు రోమన్ల గురించి చదివిన పాఠమేదో చెబితే, నోళ్లు తెరుచుకుని విన్నారు. మధ్యలో తాత అడిగాడు, "ఆ రోమన్లకీ అప్పీలుండేదిరా?" అని.

బి.ఏ. అయ్యింది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, హైకోర్టు గుంటూరులో పెట్టిన రోజులవి. మద్రాసు కన్నా వాల్తేరే దగ్గరని నిర్ణయించుకున్నాం. ప్రాస్పెక్టసు తెప్పించాను. నా కోసం ఒకప్పుడు తెప్పించుకున్నది పెట్టెలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పెద్దగా ఏమీ మారలేదు. కాండక్టు సర్టిఫికెట్టు మీద సంతకానికి గెజిటెడ్ ఆఫీసరు ఇంటి ముందు ఇద్దరం ఒక పూటంతా కూర్చున్నాం. సీటు వచ్చిందన్న కార్డు మా ఇంటికే వచ్చింది. ఆ కార్డు పట్టుకుని వాడు మా అమ్మకి నమస్కారం చేస్తే, ఆవిడ లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆవిడ ఎవరి గురించి కళ్లు తుడుచుకుందో నాకు తెలుసు.

వాడు వాల్తేరు వెళ్లిన కొద్ది నెలలకి నన్ను తాడేపల్లిగూడెం స్కూలుకి బదిలీ చేశారు. ఏలూరు కబుర్లు అందడం తగ్గింది. వాడి ఉత్తరాలు మాత్రం వచ్చేవి. కాంట్రాక్టుల చట్టం బావుందని, హిందూ లా కన్నా సాక్ష్యం చట్టం బాగా తలకెక్కుతోందని, అందులో లెక్కల్లో ఉండే బిగి ఉందని రాసేవాడు. ఆ ఉత్తరం చదివి సంతోషించాను. వాడు తనకి నచ్చేదేదో అందులోనే వెతుక్కున్నాడనుకున్నాను.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం స్కూలు వరండాలో ప్యూను వచ్చి, "మీ కోసం ఎవరో పెద్దాయన వచ్చారండి" అన్నాడు. వెళ్లి చూస్తే తాత. ఒక్కడే వచ్చాడు. మనిషి కొంచెం వంగాడు. ఎప్పటిలాగే బుట్టలో కొరమీను.

"ఇంత దూరం ఎందుకొచ్చారండీ, ఎండలో!" అన్నాను.

"ఏం లేదండి. తవర్ని చూసి చాలా రోజులైంది గదండి." బుట్ట కింద పెట్టి, "వాల్తేరులో పరీక్షలు ఎప్పటిదాకా అండీ?" అని అడిగాడు.

"ఏప్రిల్ ఆఖరుదాకా ఉంటాయనుకుంటాను. మేలో వచ్చేస్తాడు."

"ఆయ్. పరీక్షలప్పుడు ఇంటి సంగతులేవీ రాయకూడదు గదండి? మనసు చెదిరిపోద్ది."

"ఔనండి, రాయకపోవడమే మంచిది" అన్నాను. ఏ మేస్టరైనా అదే అంటాడు. ఎవరికో జ్వరమో, ఇంట్లో ఏదైనా చిన్న గొడవో అయివుంటుందనుకున్నాను. బెల్లు కొట్టారు. నాకు ఆరో ఫారం క్లాసుంది. భోంచేసి వెళ్లమన్నాను. బండి వేళయిందని ఆయన వెళ్లిపోయాడు. గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు. ఏమైందండీ అని ఒక్కమాట అడిగి ఉంటే ఆయన చెప్పేవాడే. ఆయన దాచుకునే మనిషి కాడు. ఎవరూ అడగని సంగతి తనంతట తాను చెప్పేవాడు కాదు, అంతే.

మే నెలలో ఒకరోజు వాడు మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు లంకకి వెళ్లి, అక్కడినుంచి నేరుగా వచ్చాడు. పంచె మోకాళ్లదాకా బురద. పరీక్షలు ఎలా రాశావని అడగబోయి ఆగాను.

"అప్పీలు పోయిందండి" అన్నాడు.

"ఎప్పుడు?"

"సంక్రాంతి వెళ్లాక. ప్లీడరు గారు తీర్పు రోజునే చెప్పారటండి, హైకోర్టుకి వెళ్లొచ్చు, త్వరగా రండి అని. మనిషిని కూడా పంపారట. తాత 'మావాడు పరీక్షలవగానే వస్తాడండి, వాణ్ణి అడిగి వస్తాం' అన్నాడట. మూణ్నెల్ల గడువుంటుందని తాతకి తెలియదండి. దావా అంటే ఆగుద్దనుకున్నాడు. నాకు రాస్తానన్నవాళ్లని కూడా ఆపేశాడండి. పరీక్షల్లో ఉన్నాడు, కదిలించకండి అన్నాడట."

"గడువు..."

"దాటిపోయిందండి. నేను రైల్లో ఉన్నప్పుడే దాటిపోయింది."

తాత స్కూలుకి వచ్చిన సంగతి అప్పుడు చెప్పాను వాడికి. చెప్పకపోయినా తెలిసేదే. వాడు విని, "తవరైతే ఏం చేస్తారు లెండి" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

గడువు దాటినా, తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చని వాడు ఆ ఏడే చదువుకున్నాడు. మొదటి ఏడాది లా విద్యార్థి, కోర్టు మెట్లెక్కి ఎరగడు. కాగితాలు ముందేసుకుని పిటిషను తానే చిత్తు రాశాడు. గుంటూరులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గరకి వెళ్లాం. మా నాన్నగారి పాత యజమానే ఆయనకి చెప్పి పంపారు. ఆయన చిత్తు చదివి, కళ్లజోడు తీసి, "ఇది రాసిందెవరు?" అన్నారు. "నేనేనండి" అన్నాడు వాడు. "బాగా రాశావు. కాని కారణం చాలదయ్యా. నిజమే, కాని చాలదు" అన్నారు. అయినా వేశారు.

విచారణ రోజున తాతని కూడా తీసుకెళ్లాం. జడ్జీ గారు అడిగిన ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి. ఏలూరులో వీరికి ప్లీడరు లేరా? ఉన్నారు. ఆయన చెప్పలేదా? చెప్పారు. మరి ఎందుకు రాలేదు? మా ప్లీడరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఊరు ఊరంతా చేరి చదివిస్తున్న పిల్లవాడు పరీక్షల్లో ఉన్నాడనీ, వాడొచ్చి చెప్పేదాకా ఆగుదామనుకున్నారనీ. జడ్జీ గారు కాసేపు కలం పక్కన పెట్టి చూశారు. కఠినంగా ఏమీ మాట్లాడలేదు. ఇలాంటివి విన్నప్పుడు బాధ కలుగుతుంది గాని, ఒక మనవడి పరీక్షలు గడువుని ఆపలేవు అన్నారు. పిటిషను కొట్టేశారు.

బయటికొచ్చాం. వరండా చివర నీడలో బెంచీ ఉంటే తాతని కూర్చోబెట్టాం. వాడు ఆయన ముందు కింద కూర్చున్నాడు. లోపల ఎవరు ఏమన్నారో, ఒక్కో మాటా విడమరిచి తెలుగులో చెప్పాడు. అప్పీలు ఎందుకు పోయింది, గడువు అంటే ఏమిటి, అది ఎప్పుడు దాటింది, జడ్జీ గారు ఎందుకు కాదన్నారు. ఒక్క ఇంగ్లీషు మాట వాడలేదు. నేను ఇరవయ్యేళ్లపైగా పాఠాలు చెప్పాను గాని, అంత తేటగా ఎవరికీ ఏదీ చెప్పలేకపోయాను.

తాత తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక, "అర్థమైందిరా. ఇన్నేళ్లలో కోర్టు మాట నాకు అర్థమవడం ఇదేరా" అన్నాడు. తర్వాత వాడి నెత్తి మీద చెయ్యి వేసి, "పొద్దుణ్ణించి ఏమీ తిన్లేదు గదా నువ్వు" అన్నాడు.

వాడప్పుడు ఏడ్చాడు. కోర్టు వరండా అనీ, అందరూ చూస్తున్నారనీ చూసుకోకుండా ఏడ్చాడు.

చదువు మానేస్తానన్నాడు. నేను వద్దన్నాను గాని నా మాటలో బలం లేదు. లంకవాళ్లే ఒప్పుకోలేదు. వానలు వెళ్లి నీరు తీయగానే గట్టు పడింది. నీరు దూరం జరిగింది. లంకలో సగంమంది ఆ గట్టు పనికే కూలికి వెళ్లారు, వేరే పని లేక. అయినా వాడు వాల్తేరులో రెండో ఏడు చదివినన్నాళ్లూ ప్లీడరు గంప మార్కెట్టుకి వస్తూనే ఉందట. ఇదివరకటిలా కొరమీనులు కావు, చిన్నచేపలు. ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో అడగలేదు నేను.

బి.ఎల్. పాసయ్యాడు. అప్రెంటిసుగా ఏడాది చేసి, ఏలూరులో ప్లీడరుగా చేరాడు. అప్పటికి నేనూ బదిలీ మీద మళ్లీ ఏలూరు వచ్చాను. నల్లకోటు కుట్టించుకుని మొదట లంకకే వెళ్లాడు. తాత ఆ గుడ్డ వేళ్లతో నలిపి చూసి, "ఉక్కపొయ్యదేంట్రా ఇది?" అన్నాడట. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు.

వాడి ప్రాక్టీసు మొదట్లో బాగానే సాగింది. చిన్న కేసులు. కోళ్ల దొంగతనం, దారి తగాదా, భార్యాభర్తల పోరు. కక్షిదారుని పక్కన కూర్చోబెట్టుకుని, లోపల ఏం జరుగుతుందో ముందే చెప్పేవాడు, జరిగాక మళ్లీ చెప్పేవాడు. పెద్ద ప్లీడర్లు నవ్వేవారు, ఇలా అయితే రోజుకి ఒక్క కేసే చూడగలవని. ఒకసారి మెరక ఊళ్ల రైతు ఒకాయన వాడి దగ్గరకి వచ్చి, గట్టు లోపలి పొలానికి తమ్ముడితో వాటా తగాదా ఉందని, కేసు పట్టమని అడిగాడు. ఎవరో చెప్పారట, వాడు బాగా చెబుతాడని. ఆ నేల ఎక్కడుందో ఆ రైతుకీ తెలుసు, వాడికీ తెలుసు. వాడు మర్యాదగానే వేరే ప్లీడరు గారి పేరు చెప్పి పంపేశాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి ఇది చెప్పి వెళ్లాడు.

కొద్దికాలానికి ఉత్తరాన శ్రీకాకుళం వైపు ఒక గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. డిగ్రీ ఉంటే చాలు, లా అక్కర్లేని ఉద్యోగం. నేను వద్దన్నాను. నీ దగ్గర ఉన్నది ఏ ప్లీడరు దగ్గరా లేదు, ఇక్కడే ఉండమన్నాను. విన్నాడు, చేరతానని జవాబు రాసి పంపేశాడు.

వాడు వెళ్లేరోజు ఏలూరు స్టేషనుకి వెళ్లాను. వాళ్లమ్మ ఎండుచేపల మూట ఒకటి తెచ్చింది. లంకనుంచి ఏడెనిమిది మంది వచ్చారు. ఆడవాళ్లు వాడి చొక్కా సర్దుతున్నారు, జాగ్రత్తలు చెబుతున్నారు. ఒకావిడ, "అక్కడ కూడా కోటేసుకోవాలా అండీ ప్లీడరు గారూ?" అని అడిగింది. "అక్కర్లేదు పిన్నీ" అన్నాడు. వాళ్లు బండి వస్తోందేమోనని అంచుకి వెళ్లి చూస్తున్నప్పుడు వాడు నా పక్కకి వచ్చాడు.

"మేస్టారూ, ఇన్నాళ్లలో మా ఊళ్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదండి. నీ పరీక్షల కోసమేరా దావా పోయిందని చిన్నపిల్లలు కూడా అనలేదండి. ఒక్కళ్లన్నా అని ఉంటే ఇక్కడ ఉండగలిగేవాణ్ణేమో."

ప్లాట్‌ఫారం మీద జనం కదిలారు. వాడు వాళ్లమ్మ కాళ్లకి, తర్వాత నా కాళ్లకి నమస్కారం పెట్టి, ట్రంకుపెట్టె అందుకున్నాడు. ఉత్తరాలు రాయమన్నాను. చాలా ఏళ్లు రాశాడు. పెళ్లి గురించి, పిల్లల గురించి, అక్కడి ఏటి చేపల రుచి గురించి, పెద్దవాడికి లెక్కలు బాగా వస్తున్నాయని. లా గురించి మాత్రం వాడూ రాయలేదు, నేనూ అడగలేదు.